పదకొండు చచ్చిన చేతులు

మణిమంత రాజ్యానికి పడమటి దిక్కున కృష్ణసారవనం ఉంది. వానలు వెనుదిరిగి, మంచు ఇంకా మొదలుకాని రోజుల్లో ఆ వనం శోభ వర్ణించడం ఎవరితరం! మద్దిచెట్ల మొదళ్ళకు ఎగబాకిన తీగలు తెల్లని పూలతో విరగబూసి, మదపుటేనుగులకు పూలదుప్పటి కప్పినట్టు కనిపించేవి. పచ్చిక బయళ్ళలో మెలితిరిగిన కొమ్ముల జింకలు గుంపులుగా దూకుతుంటే నేలమీద నల్లమబ్బులు పరుగెత్తుతున్నాయా అనిపించేది.

ఆ నలభై రోజులనూ మణిమంతంలో విల్లుకారు అంటారు. వనం పడమటి ద్వారం పక్కన ఏనుగంత బండమీద, ఇప్పటి ప్రభువు ముత్తాత చెక్కించిన శాసనం ఉంది.

“విల్లుకారు నలువది దినములును చేత లాగిన వింట దప్ప వేటాడరాదు. మీటవిల్లు పట్టినవాని కుడి బొటనవ్రేలు తీయబడును. యుద్ధమున గాని రోగమున గాని చేయి చచ్చినవానికి మాత్రము, రాజవైద్యుని ముద్రతో మినహాయింపు కలదు.”

మీటవిల్లు అంటే కొయ్యకు అడ్డంగా బిగించిన విల్లు. మర తిప్పి నారిని వెనక్కి లాగి కొక్కేనికి తగిలిస్తే, మీట నొక్కేదాకా అది ఎంతసేపైనా అలాగే పొంచి ఉంటుంది. పట్టినవాడు ఆవులించవచ్చు, పండు తినవచ్చు. చేతివిల్లు అలా కాదు. నారి లాగి పట్టుకున్నవాడి భుజం వణుకుతుంది, ఊపిరి బరువెక్కుతుంది. ఆ అలికిడికి జింక చెవి రిక్కిస్తుంది. దాని ప్రాణానికి కూడా ఒక దారి మిగులుతుంది. ఆ దారిని మూయకూడదనే ముత్తాత ప్రభువు ఆ శాసనం చేశాడు.

ఆ ద్వారానికి కావలివాడు శరభుడు. ఇరవై ఆరేళ్ళవాడు, బలిష్ఠుడు, మెలితిప్పిన మీసమున్నవాడు. ఆరేళ్ళ కావలిలో మినహాయింపు ముద్రతో వచ్చినవాణ్ణి ఒక్కణ్ణే చూశాడు. యుద్ధంలో చెయ్యి పోగొట్టుకున్న ముసలి సైనికుడు ఆయన. అలాంటిది, ఆ ఏడు విల్లుకారు మొదలైన తొమ్మిదో రోజు ఉదయం పదకొండు పల్లకీలు వరసగా వచ్చి ద్వారం ముందు దిగాయి. పదకొండు మంది దొరబిడ్డలూ కుడిచేతులను పట్టుజోలెల్లో వేలాడదీసుకుని ఉన్నారు. వెనక సేవకుల భుజాలమీద పదకొండు మీటవిళ్ళు, వెండి తాపడాలతో తళతళలాడుతున్నాయి.

ముందు నిలిచినవాడు దండనాయకుడి కొడుకు కామందకుడు. పల్లకీ నుంచి ద్వారం దాకా నడిచినందుకే అతడికి ఆయాసం వచ్చింది.

“ఒరేయ్ కావలివాడా! ముద్రలు చూసుకుని దారి విడు.”

“చిత్తం దొరా. చెయ్యి కూడా చూడాలి. శాసనం” అన్నాడు శరభుడు.

జోలె విప్పారు. మోచేతి దాకా ఎండిపోయి, తుమ్మకొమ్మలా నల్లబడిన చెయ్యి అది. ముట్టుకుంటే చల్లగా, గరుగ్గా ఉంది. నిబంధన ప్రకారం శరభుడు ముల్లుతో మూడుసార్లు పొడిచాడు. రక్తం రాలేదు. కామందకుడు కన్నార్పలేదు.

అయితే శరభుడి చూపు ఆ చేతి వేళ్ళమీద ఆగిపోయింది. చూపుడువేలు, నడిమివేలు, ఉంగరపువేలు కొసల్లో చర్మం గుర్రపుడెక్కలా గట్టిపడి కాయలు కాసి ఉంది. ఏళ్ళ తరబడి నారి లాగితే తప్ప అలాంటి కాయలు రావు.

“దొరవారు విలువిద్య ఎన్నేళ్ళు సాధన చేశారో?”

“విల్లా?” కామందకుడు పగలబడి నవ్వాడు. “పుట్టి బుద్ధెరిగి ముట్టుకోలేదు. చేతులు కందిపోవూ? నీ బండ అడిగిందల్లా చూపించాను. ఇంకేమైనా అడుగుతుందా?”

శాసనం ఇంకేమీ అడగలేదు. శరభుడు పళ్ళు బిగించి ద్వారం తెరిచాడు.

వాళ్ళు లోపలికి వెళ్ళిన మూడో రోజున పచ్చికబయలు వైపు గస్తీకి వెళ్ళినప్పుడు గాలి మారింది. ముందు ఈగల రొద, తరువాత కంపు. ఉత్తరీయం ముక్కుకు అడ్డం పెట్టుకుని శరభుడు వాగుగట్టు ఎక్కి కిందకి చూశాడు.

లోయ నిండా జింకలు. కొమ్ములు నరుక్కుని, నాలుకలు కోసుకుని, మిగతాది అక్కడే దొర్లించేశారు. పొట్టలు ఉబ్బి పగిలాయి. ఒక చూడిజింక పక్కటెముకల్లో మీటవిళ్ళు వదిలిన రెండు ఇనుపములుకులు దిగబడి ఉన్నాయి. దాని కడుపులోంచి ఇంకా లోకం చూడని పిల్ల గిట్టలు బయటికి వచ్చి ఉన్నాయి. ఎదురుగా చెట్లమీద మెత్తని పరుపులు పరిచిన మంచె, మంచె కింద జింకలు నాకడానికి పరిచిన ఉప్పురాళ్ళు. మంచెమీద నుంచి ఎవడో నమిలిన ఎముకను కిందకి ఉమ్మాడు. అది చూడిజింక ముఖంమీద పడింది. పైన కిలకిలమని నవ్వులు.

శరభుడు చెట్టు పట్టుకుని వంగి, పొద్దున తిన్నదంతా కక్కేశాడు. “ఛీ! ఛీ! వీళ్ళకోసమా నేను ద్వారం తెరిచింది!” అని తన చేతిని తానే అసహ్యించుకున్నాడు.

“కావలన్నా!” అని వెనకనుంచి పిలుపు వినిపించింది.

కొండగూడెం వెదురుకోన నుంచి వచ్చిన మొగలి. కొండవాళ్ళ పెద్ద బయ్యన్న కూతురు. భుజాన చేతివిల్లు, కళ్ళల్లో ఎర్రజీర. ఆమె కూడా లోయలోకి చూసి, ముఖం తిప్పుకుని నేలమీద ఉమ్మింది.

“నీకోసమే వచ్చినాను అన్నా. మా అయ్య చెయ్యి ఎండిపోయినాది. అయ్య ఒక్కడిదే కాదు, మా కోనలో మంచి విలుకాళ్ళు పదకొండు మందివీ ఎండిపోయినాయి. అందరికీ ఒకే పొద్దున.”

పదకొండు! శరభుడికి ద్వారం ముందు దిగిన పల్లకీలు గుర్తొచ్చాయి. అప్పుడే ఆమె వెంట నడిచాడు.

వెదురుకోనలో బయ్యన్న గుడిసె ముందు అరుగుమీద కూర్చుని ఉన్నాడు. ఒకప్పుడు ఎగిరే గువ్వ నీడను కొట్టగలదని పేరున్న ఆ చెయ్యి ఒళ్ళో పుల్లలా పడి ఉంది.

“రాజవైద్యుడు జంబూకనాథుడు వచ్చినాడు నాయనా” అన్నాడు బయ్యన్న. “విల్లుకారు బాగుండాలని ప్రభువు పంపినాడంటూ మా పదకొండు మంది మణికట్లకీ నల్లదారం కట్టినాడు. తెల్లారి లేస్తే దారం లేదు, చెయ్యీ లేదు. చూడు, ఈ వేళ్ళు చూడు. కాయలు కూడా ఎగిరిపోయినాయి. నున్నగా, పసిబిడ్డ వేళ్ళలాగా!”

శరభుడు ఆ వేళ్ళు పట్టుకుని చూశాడు. ద్వారం దగ్గర కామందకుడి వేళ్ళమీద చూసిన కాయలు కళ్ళముందు మెదిలాయి.

“ఆ కాయలు ఎక్కడున్నాయో నాకు తెలుసు పెద్దయ్యా. మీ చేతుల పైతోలును వాడేదో మంత్రంతో ఒలిచి ఆ మదించినవాళ్ళకు తొడిగాడు. మీటవిల్లు పట్టడానికి! కొండమీద పదకొండు చేతులు చంపితే వాళ్ళకు వేట దొరికింది!”

బయ్యన్న ఎడమచేత్తో ఆ వేళ్ళను ఒళ్ళోకి లాక్కున్నాడు. “కత్తితో నరికినా ఇంత రోత పుట్టేది కాదు నాయనా” అన్నాడు.

మర్నాడు మిట్టమధ్యాహ్నం వేటగాళ్ళ గుడారాల దగ్గరికి ఒక ముసలమ్మ, ఆమె మూగకొడుకు తేనె అమ్ముకోవడానికి వచ్చారు. జుట్టుకు బూడిద పట్టించి నడుం వంచి నడుస్తున్న ఆ ముసలమ్మ మొగలి. మీసం గొరిగించుకుని, ఒంటికి బొగ్గు రాసుకుని, కావడి మోస్తున్న మూగవాడు శరభుడు. కావడిబద్ద వెంట ఊతకర్రలా కట్టి ఉన్నది నారి విప్పిన విల్లు. ముందు కుండలో తేనె, వెనక కుండలో పైన ఆకులు, ఆకుల కింద ఆమె బాణాలు. ముసలమ్మ చంకలో మూతికి గుడ్డ కట్టిన మరో బుర్రకుండ ఉంది.

“కొమ్ముతేనె బాబయ్యా! కాల్చిన మాంసంమీద పోసుకుంటే అమృతమే!”

“రా ముసలీ, రా!” అని పిలిచారు లోపలినుంచి.

గుడారంలో పట్టుతివాచీల మీద పదిమంది కూర్చున్నారు. శరభుడు చూస్తుండగానే, భోజనానికి సిద్ధమవుతూ వాళ్ళు కుడిచేతుల మోచేతుల దగ్గర గోళ్ళు దూర్చి, తడిసిన కుబుసం లాగినట్టు ఆ నల్లతోలును ఒలిచేశారు. లోపల తెల్లగా, కొవ్వుతో మెరిసే చేతులు! ఉంగరాలతో సహా! ఒలిచిన తొడుగులను సేవకుడు ఉతికిన బట్టల్లా తాడుమీద ఆరవేశాడు. గాలి లేకపోయినా ఆ వేళ్ళు మెల్లగా ముడుచుకుంటున్నాయి, విచ్చుకుంటున్నాయి. వాటి కిందనే కూర్చుని వాళ్ళు మాంసం చీల్చుకుని తింటున్నారు.

శరభుడు నోరు గట్టిగా మూసుకున్నాడు. మూగవేషం మంచిదయింది.

మూల ఎత్తుపీటమీద జంబూకనాథుడు కూర్చుని ఉన్నాడు. నక్కమూతిలా పొడుచుకొచ్చిన ముఖం, ఎప్పుడూ అదిరే ముక్కుపుటాలు. “తొడుగులు జాగ్రత్త బాబులూ” అంటున్నాడు. “అసలువాడి చెయ్యి తగిలితే క్షణంలో అతుక్కుపోతాయి. విల్లుకారు అయిపోయాక అన్నీ నిప్పులో వేసేస్తాను. ఆ కొండవాళ్ళ చేతులు ఇక ఈ జన్మకు లేవవు. వచ్చే ఏడు ఇంకో కోన వెతుక్కుందాం.”

“పాపం కామందకుడు!” అని ఒకడు నవ్వాడు. “కొమ్ముల బండితో రాజధానికి పోతూ, ప్రభువు కళ్ళబడాలి కనుక ఆ కంపుతొడుగు వేసుకునే పోయాడు.”

అప్పుడే జంబూకనాథుడి ముక్కు అదిరింది. “ఈ ముసలిదాని దగ్గర ముసలివాసన రావడం లేదే!”

మొగలి క్షణం ఆలస్యం చేయలేదు. చంకలోని బుర్రకుండను గుడారపు నడుమ విసిరికొట్టింది. కుండ పగిలి, అందులోని కొండతేనెటీగలు భగ్గుమని లేచాయి. నెయ్యి కారే ముఖాలతో దొరబిడ్డలు తివాచీలమీద దొర్లారు. శరభుడు ఒక్క ఉదుటున తాడు తెంచి, తొడుగులన్నిటినీ వెనక కుండలో కుక్కాడు. వాటి వేళ్ళు అతని చేతివేళ్ళ మధ్య దూరి, వెచ్చగా పట్టుకున్నాయి. ఒళ్ళు జలదరించినా వదలలేదు. ఇద్దరూ వాగువైపు పరుగు తీశారు.

వెనక జంబూకనాథుడు గుప్పెడు బూడిద గాలిలోకి ఊది, నక్కలా మూడుసార్లు ఊళపెట్టాడు.

లోయలో ఈగల రొద ఒక్కసారిగా ఆగిపోయింది. తరువాత, ఆ కుళ్ళిన జింకలు లేచాయి! కొమ్ములు లేని తలలతో, నాలుకలు లేని నోళ్ళతో, పక్కటెముకల్లో ములుకులు గలగలలాడుతుండగా లేచి దారికి అడ్డం నిలిచాయి. ముందు నడిచేది ఆ చూడిజింక.

“ఊపిరి బిగబట్టు!” అని అరిచి, తొడుగుల కుండను మొగలి చేతికిచ్చి, శరభుడు కావడిబద్దతో వాటి మధ్యకు దూకాడు. తగిలిన చోటల్లా తోలు జారిపోతున్నది. మెత్తని పేగులు కాళ్ళకు చుట్టుకుంటున్నాయి. జిగట ముఖంమీద చిందింది. తనవైపు ఎగబడిన చూడిజింకను కొట్టడానికి మాత్రం అతనికి చెయ్యి రాలేదు. పక్కకు నెట్టి, దానికింద నుంచి దూరి బయటపడ్డాడు. కంపుకు కళ్ళవెంట నీళ్ళు కారుతున్నాయి. కోపానికి కూడా.

వాగుమీద వెదురు వంతెన సగం దాటారో లేదో, గట్టుమీదకి పదిమందీ చేరారు. తేనెటీగలు కుట్టి ముఖాలు గుమ్మడికాయల్లా ఉబ్బాయి. “వెయ్యండి!” పది మీటలూ ఒక్కసారే నొక్కారు. పది ములుకులు ఈలవేస్తూ వచ్చాయి. ఒకటి శరభుడి చెవి కొస కోసుకుపోయింది. ఒకటి కుండ అంచు ఎగరగొట్టింది. మిగతావి వెదుళ్ళలో దిగబడ్డాయి.

అంతే. ఆపైన మరలు తిప్పుకోవాలి. కిర్రు కిర్రుమంటూ పదిమందీ తలలు వంచుకుని మరలు తిప్పుతుంటే, మొగలి వంగిన నడుం నిటారుగా చేసింది. కావడికి కట్టిన విల్లు విప్పి నారి తగిలించింది. మొదటి బాణం ఒక మీటవిల్లు నారిని తెంపింది. తెగిన నారి యజమాని ముక్కునే చెళ్ళున కొట్టింది. రెండోది, మూడోది, నాలుగోది... మర ఒక్క చుట్టు పూర్తయ్యేలోగా ఆరు నారులు తెగాయి. మిగిలినవాళ్ళు విళ్ళు పారేసి పొదల్లో దూరారు.

ఇద్దరూ ఆవలి గట్టుకు చేరగానే శరభుడు మొలలోని కత్తితో వంతెన తాళ్ళు నరికాడు. వెంటపడి వస్తున్న కుళ్ళుకళేబరాలు జారి వాగులో పడి, మళ్ళీ ఉత్త కళేబరాలై కొట్టుకుపోయాయి.

అవతల జంబూకనాథుడు నవ్వాడు. “పది దొరికాయి. పదకొండోది బూడిదవుతుంది!” అంటూ మరో గుప్పెడు బూడిద ఊదాడు. అది బూడిదరంగు గద్దగా మారి తూర్పుదిక్కున రాజధానివైపు ఎగిరిపోయింది.

వెదురుకోనలో పదిమంది విలుకాళ్ళు వరసగా కూర్చున్నారు. ఏ చెయ్యి ఎవరిదో వెతకవలసిన పని పడలేదు. ప్రతి తొడుగూ తనవాణ్ణి తానే చేరింది. పాలు పొంగినట్టు తోలు కింద రక్తం పాకింది. పిడికిళ్ళు బిగిశాయి. ఆడవాళ్ళు ఏడుస్తూ నవ్వారు.

కుండ ఖాళీ అయింది. బయ్యన్న చెయ్యి ఒళ్ళో అలాగే ఉంది.

“పదిమంది లేచినారు గదా. చాలు. నేను ముసిలోణ్ణి” అన్నాడు.

“ఊరుకో అయ్యా!” అని కసిరింది మొగలి. “నీ చెయ్యి తొడుక్కుని వాడెవడో ప్రభువుకి దండం పెడతాడంట. నాకు అన్నం సయిస్తుందా?” ఆమె శరభుడి వైపు తిరిగింది. “బండి దారి కొండ చుట్టూ పోతాది అన్నా. మనం అడ్డంగా దిగితే వాడికన్నా ముందే భుజంగి రేవుకి చేరతాం.”

శరభుడు తలపాగా బిగించాడు.

పొద్దు వాలుతుండగా కొమ్ముల బండి భుజంగినది రేవుకు చేరింది. పడవ సిద్ధంగా ఉంది. అసలు పడవవాడు తన గుడ్డలిచ్చి గుడిసెలో కూర్చున్నాడు. తెడ్డు దగ్గర మీసంలేని మనిషి ఒకడు, చుక్కాని దగ్గర ముసుగు కప్పుకున్న స్త్రీ ఒకతె ఉన్నారు. సేవకులు కొమ్ముల మూటలెత్తారు. కామందకుడు మీటవిల్లుతో సహా ఎక్కి, “మీరు బండితో రెండో దఫా రండి” అని వాళ్ళను గట్టుమీదే ఉంచాడు.

పడవ నడిమధ్యకు వచ్చింది. అవతలి ఒడ్డు చేరాక, దిగేటప్పుడు పట్టుకుందామని శరభుడి ఆలోచన. అంతలో ఆకాశంనుంచి బూడిదరంగు గద్ద రివ్వున దిగి పడవ కొసమీద వాలింది. జంబూకనాథుడి గొంతుతో అరిచింది.

“కామందకా! తొడుగు తగలబెట్టు! కావలివాడు వెంట వస్తున్నాడు!”

అంతలోనే రాలి బూడిదయింది.

కామందకుడు కంగారుగా అటూ ఇటూ చూశాడు. పడవలో నిప్పు లేదు. “పీడా పోయింది!” అంటూ మోచేతి దగ్గర గోళ్ళు దూర్చి తోలును ఒలిచాడు. ముక్కు దగ్గర పెట్టుకుని ముఖం వికారంగా చిట్లించాడు. “ఛీ! రోజంతా ఈ కొండవాడి కంపు భరించాను. మొసళ్ళే తినాలి దీన్ని!”

బయ్యన్న చేతిని నదిలోకి గిరాటువేశాడు.

తెడ్డు వదిలి శరభుడు దాని వెనకే దూకాడు.

ఇసుకతిన్నెమీద ఎండు దుంగల్లా పడి ఉన్న మొసళ్ళు ఒకదాని వెంట ఒకటి నీళ్ళలోకి జారాయి. “వీడే వాడు!” అని కేకపెట్టి కామందకుడు మరతిప్పి ములుకు ఎక్కించాడు. నున్నని కుడిచేత్తో మీటవిల్లు భుజానికి ఆనించి, తల పైకి తేలే చోటుకోసం నీటిమీద గురిపెట్టి నిలబడ్డాడు. తొందరలేదు. చెయ్యి వణకదు. ఎంతసేపైనా నిలబడగలడు.

“నీది ఏం మనిషి పుట్టుకరా, థూ!” అంది చుక్కాని దగ్గర స్త్రీ.

కామందకుడు వెనక్కి తిరిగేలోగా మొగలి ముసుగు విసిరేసి, రెండుకాళ్ళూ పడవ అంచున మోపి తన బరువంతా ఒకవైపుకు వాల్చింది. కొమ్ముల మూటలు దొర్లాయి. మీట నొక్కుకుపోయి ములుకు ఆకాశంలోకి పోయింది. పడవ బోర్లాపడింది.

నీటి అడుగున ఏమీ కనబడని ఆకుపచ్చని మసకలో శరభుడు చేతులు చాపి వెతుకుతున్నాడు. ఊపిరి తెగిపోయే క్షణాన ఐదు వేళ్ళు వచ్చి అతని మణికట్టును గట్టిగా పట్టుకున్నాయి. అతను పైకి తన్నుకున్నాడు.

“దొరికినాదా అన్నా?” నురగల మధ్య నుంచి మొగలి అరిచింది.

శరభుడు చెయ్యి పైకెత్తి చూపించాడు. ఆమె ఈదివచ్చి అతని భుజం పట్టుకుంది. వెనక కామందకుడు కొమ్ముల మూటను కౌగిలించుకుని కేకలు పెడుతున్నాడు. మొసళ్ళు అతన్ని చుట్టుముడుతున్నాయో, తమవైపే తిరిగాయో చూసుకునే వ్యవధి వాళ్ళకు లేకపోయింది. రేవుకు కాస్త దిగువన నది రెండు కొండల మధ్య ఇరుకుగా ముడుచుకుని, ఏ పడవా పోని రక్కసిగండిలోకి గర్జిస్తూ దూకుతున్నది. ఆ ప్రవాహం ఇద్దరినీ, శరభుడి మణికట్టును వదలని బయ్యన్న చేతినీ కలిపి లోపలికి లాగేసుకున్నది.